రెండు జీతాలు, ఒకే వీసా: ఇల్లు ఇప్పుడే కొనవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు 39 ఏళ్లు, హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. ఉన్నత విద్య ఉన్నవారి గ్రీన్‌కార్డు కేటగిరీ ఈబీ-2లో నా కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదమై మూడేళ్లయింది, గ్రీన్‌కార్డు వరుసలో స్థానాన్ని నిర్ణయించే ప్రయారిటీ డేట్ 2020. నా భార్య నా వీసాపై ఆధారపడిన హెచ్-4 హోదాలో, ఈఏడీ అనే ఉద్యోగ అనుమతి కార్డుతో ఉద్యోగం చేస్తోంది. పాప 2019లో ఇక్కడే పుట్టింది. అద్దెతో కలిపి నెలకు 5,500 డాలర్లు ఖర్చవుతుంది, 2,500 మిగులుతాయి. చేతిలో 90,000 డాలర్లు ఉన్నాయి. వీసాల మీద రోజుకో వార్త వస్తోంది. ఈ డబ్బుతో ఇక్కడ 4,50,000 డాలర్ల ఇల్లు కొనాలా, షాద్‌నగర్ దగ్గర బంధువులు చూపిన ఫామ్ ప్లాట్ తీసుకోవాలా, లేక చట్టాల సంగతి తేలేదాకా ఆగాలా?

జవాబు: చివరి ప్రత్యామ్నాయాన్ని ముందుగా పక్కన పెడదాం. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ దాన్ని మార్పులతో ఆమోదించింది. రెండు సభలు ఆమోదించిన రూపాలూ ఒక్కటి కాకపోవడంతో ఆ కాంగ్రెస్ గడువుతోపాటే బిల్లు కూడా ముగిసిపోయింది. భారతీయుల ఈబీ-2 వరుస ఇప్పటికీ 2013–14 దరిదాపుల్లోనే కదులుతుండగా 2020 తేదీ ఉన్న మీరు చట్టం తేలాకే నిర్ణయం తీసుకుంటామనుకుంటే, మీ పాప కాలేజీకి వెళ్లే వయసు వచ్చినా ఆ రోజు రాకపోవచ్చు. అందువల్ల చట్టం ఎటు తిరిగినా నిలబడే ప్రణాళికే మీకు కావాలి.

వార్తల్లో ఉన్నవన్నీ మీకు వర్తించవు. జన్మతః పౌరసత్వంపై 2025 జనవరిలో వచ్చిన ఉత్తర్వు ఆ ఏడాది ఫిబ్రవరి 19 తర్వాత పుట్టిన పిల్లలను ఉద్దేశించినది కాబట్టి ఆ వివాదం ఎలా తేలినా మీ పాపకు సంబంధం లేదు. స్వదేశానికి పంపే డబ్బుపై 2026 జనవరి 1 నుంచి వచ్చిన 1 శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ వంటి పద్ధతులకే పరిమితం, బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు. లక్ష డాలర్ల హెచ్-1బి రుసుము సంగతి మాత్రం శ్రద్ధగా చదవండి. 2025 సెప్టెంబరు 19న వెలువడిన ఆ ప్రకటన ప్రధానంగా అమెరికా బయట ఉన్నవారి కొత్త పిటిషన్లకు వర్తిస్తుందనీ, దేశంలోనే ఉండి హోదాను పొడిగించుకునేవారికి వర్తించదనీ ఇమిగ్రేషన్ శాఖ ఆ తర్వాత వివరణ ఇచ్చింది. అందువల్ల మీ రెన్యువల్‌కు భయం లేదు. అయితే ఉద్యోగం పోతే కొన్నాళ్లు ఇండియాలో ఉండి మళ్లీ రావచ్చన్న పాత ధీమా మాత్రం ఇప్పుడు పనికిరాదు, ఎందుకంటే చెల్లుబాటయ్యే వీసా లేకుండా బయట ఉన్న మీ కోసం కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే ఆ రుసుము అడ్డుపడవచ్చు.

ఇక మీ ఇంటి లెక్కల్లో నన్ను నిజంగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీకు గృహరుణం ఇచ్చే సంస్థ రెండు జీతాలను చూసి, ఒకటి ఆగినా రెండోది ఉంటుందని భావిస్తుంది, కానీ మీ విషయంలో ఆ రెండూ ఒకే వేరు మీద నిలబడి ఉన్నాయి. మీ ఉద్యోగం పోతే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఆలోగా మరో కంపెనీ పిటిషన్ వేయకపోతే మీ హోదాతోపాటు మీ భార్య హెచ్-4 హోదా, దాని ఆధారంగా వచ్చిన ఉద్యోగ అనుమతి కూడా నిలవవు. హెచ్-4 ఈఏడీ మీద చాలా ఏళ్లు నడిచిన దావాను 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించకపోవడం ఊరటే. కానీ అదే నెల 30 నుంచి, రెన్యువల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం పాత ఈఏడీ మీదే పనిచేసుకునే 540 రోజుల వెసులుబాటును తీసేశారు. ఇప్పుడు కార్డు గడువు ముగిసేలోపు కొత్తది రాకపోతే ఆమె ఆ రోజే పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి.

అందుకే సాధారణ కుటుంబాలకు చెప్పే మూడు నెలల అత్యవసర నిధి మీకు చాలదు. తొమ్మిది నెలల ఖర్చు 49,500 డాలర్లు. ఉద్యోగం పోయాక, పాత కంపెనీ బీమాను కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం కింద ఆరోగ్య బీమా కొనసాగిస్తే ప్రీమియం మొత్తం మీరే కట్టుకోవాలి, పైగా సామానుతో తిరిగి వెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు వేరు. వీటన్నిటికీ కలిపి 55,000 డాలర్లను పొదుపు ఖాతాలోనూ అమెరికా ప్రభుత్వ స్వల్పకాలిక ట్రెజరీ బిల్లుల్లోనూ ఉంచి, దాన్ని ముట్టుకోకండి.

ఇప్పుడు ఇంటి లెక్క దానంతటదే తేలుతుంది. 4,50,000 డాలర్ల ఇంటికి 20 శాతం డౌన్ పేమెంట్ అంటే సరిగ్గా మీ 90,000, అంటే తాళాలు చేతికొచ్చే రోజున చేయి ఖాళీ. ప్రభుత్వ హామీతో, తక్కువ డౌన్ పేమెంట్‌కే దొరికే ఎఫ్‌హెచ్‌ఏ గృహరుణాలు శాశ్వత నివాస హోదా (గ్రీన్‌కార్డు) లేనివారికి 2025 మే 25 నుంచి ఆగిపోయాయి. టెక్సస్‌లో ఆస్తి పన్ను భారమూ ఎక్కువే. మిగిలిన 35,000కు నెలనెలా 2,500 చేరుస్తూ పోతే 22 నెలల్లో అత్యవసర నిధిని కదపకుండానే మళ్లీ 90,000 అవుతాయి. ఇల్లు అప్పుడు కొనండి, నాకు అభ్యంతరం లేదు. ఈలోగా ఆ డబ్బును షేర్లలో పెట్టవద్దు. మీరు దేశం విడిచాక ఇల్లు అమ్మితే, విదేశీ యజమాని అమ్మిన ఆస్తిగా చూసి అమ్మకపు ధరలో సాధారణంగా 15 శాతం ముందే పట్టి ఉంచుతారు. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదాకా ఆ డబ్బు చేతికి రాదు.

ఫామ్ ప్లాట్ మాత్రం వద్దు, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ప్రవాస భారతీయులు ఇండియాలో ఇల్లు, ఫ్లాటు, నివాస స్థలం కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావడం వేరు సంగతి. గుంటల లెక్కన అమ్మే ఈ ప్లాట్లు, వ్యవసాయేతర భూమిగా మార్పిడి కాకపోతే, చుట్టూ ఎన్ని కొబ్బరిచెట్లు నాటి గేటు పెట్టినా రికార్డుల్లో వ్యవసాయ భూములే. అమ్మ పేరున కొందామని బంధువులు అనవచ్చు. మీ డబ్బుతో, మీ ప్రయోజనం కోసం ఆమె పేరున కొంటే బినామీ చట్టం చిక్కులున్నాయి. నిజంగా ఆమెకే బహుమతిగా ఇస్తే అది ఆమె ఆస్తి, తర్వాత అందులో మీ తోబుట్టువులకూ వాటా రావచ్చు. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి ఉంటే అగ్రిమెంటు రాయకముందే వెనక్కి అడగండి.

ఇండియాలో పెట్టుబడి కావాలనుకుంటే కొద్ది మొత్తాన్ని, ప్రవాసులు విదేశీ సంపాదనను దాచుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్‌లో పెట్టుకోండి. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికా రిటర్నులో చూపాలి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ నివేదిక కూడా అమెరికాలో దాఖలు చేయాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్ల జోలికి ఇప్పుడు పోకండి, అమెరికా పన్ను నిబంధనలు వాటిని చాలా కఠినంగా చూస్తాయి.

ఒకవేళ తిరిగి వెళ్లాల్సివస్తే, కంపెనీ ద్వారా పదవీ విరమణకు దాచుకునే 401(కె) డబ్బును కంగారుగా తీసేయవద్దు, 59½ ఏళ్లలోపు తీస్తే పన్నుకు తోడు సాధారణంగా 10 శాతం జరిమానా ఉంటుంది. మీలా చాలా ఏళ్లు విదేశంలో ఉన్నవారికి తిరిగి వెళ్లిన తొలి ఒకటి రెండేళ్లలో, విదేశీ ఆదాయంపై ఇండియాలో సాధారణంగా పన్ను పడని నివాస హోదా దొరుకుతుంది. ఆస్తుల సర్దుబాటు ఆ వ్యవధిలో, రెండు దేశాల పన్నులూ తెలిసిన నిపుణుడితో చేయించుకోండి. మీ ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటింది కాబట్టి, ఈ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, మోసం వంటి కారణాలు లేనంతవరకూ, ఆ 2020 తేదీ తర్వాతి కంపెనీ పిటిషన్‌కు పనికొస్తుంది. ఆమోద పత్రం నకలు మీ దగ్గర లేకపోతే ఈ వారమే హెచ్ఆర్‌ను అడిగి తీసుకోండి.