ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు.. బయాప్సీ తప్పదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మా ఇంట్లో ఎవరికీ సిగరెట్ అలవాటు లేదు. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు కానీ పెద్దగా గుణం కనిపించలేదు. గత నెలలో ఉన్నట్టుండి కుడివైపు ఛాతీలో నొప్పి వచ్చి ఊపిరాడలేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని ట్యూబ్ వేసి, నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు. సీటీ స్కాన్‌లో రెండువైపులా చిన్న చిన్న బుడగలు కనిపించాయని, ‘లామ్’ అనే జబ్బు కావచ్చని, బయాప్సీ (ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలని అంటున్నారు. మాకు ఇంకా పిల్లలు లేరు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: పొగ తాగని, వయసులో ఉన్న మహిళకు ఏ దెబ్బా తగలకుండా ఊపిరితిత్తి కుంచించుకుపోతే, ట్యూబ్ వేసి గాలి తీసేయడంతో పని అయిపోదమ్మా. అలా ఎందుకైందో తేల్చాలి. మీకు స్కాన్ తీయించిన డాక్టరు సరైన పనే చేశారు. లామ్ ఉన్న చాలామంది ఆస్తమా అనో, బ్రాంకైటిస్ అనో మందులు వాడుతూ ఏళ్లు గడిపేస్తారు. మీకు ఆ అనుమానం ఇప్పుడే రావడం మంచిదైంది.

లామ్ పూర్తి పేరు లింఫాంజియోలియోమయోమటోసిస్. అరుదైన జబ్బు, దాదాపుగా ఆడవారిలోనే కనిపిస్తుంది. టీఎస్‌సీ1 లేదా టీఎస్‌సీ2 జన్యువు దెబ్బతినడంతో కండర కణాల్లాంటి కొన్ని కణాలు అదుపు తప్పి ఊపిరితిత్తుల్లో పెరుగుతాయి. ఈస్ట్రోజెన్ హార్మోన్ దానికి తోడవుతుంది. ఈ కణాలు చేరిన చోట ఊపిరితిత్తి కరిగి గాలి సంచులు ఏర్పడతాయి. ఊపిరితిత్తులను మరింత స్పష్టంగా చూపే సీటీ స్కాన్ (హెచ్‌ఆర్‌సీటీ) చూస్తే పలుచని గోడలతో గుండ్రటి నల్లటి చుక్కలు పైనుంచి కింది దాకా పరుచుకుని ఉంటాయి, మధ్యలో ఊపిరితిత్తి మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ఊపిరితిత్తి అంచున ఉన్న సంచి ఒకటి చిట్లితే గాలి బయటికి వచ్చి గత నెలలో మీకు జరిగినట్టే అవుతుంది.

ఇక బయాప్సీ. వెంటనే ఒప్పుకోకండి, దానికంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. రక్తంలో వీఈజీఎఫ్-డి అనే ప్రోటీన్ ఎంతుందో తెలిపే పరీక్ష చేయించండి. స్కాన్‌లో లామ్ లక్షణాలు స్పష్టంగా ఉండి, ఇది మిల్లీలీటరుకు 800 పైకోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ వస్తే బయాప్సీ లేకుండానే జబ్బును నిర్ధారించవచ్చు. తక్కువ వచ్చినంత మాత్రాన లామ్ లేదనడానికి లేదు. పొట్ట స్కాన్ కూడా కావాలి. మూత్రపిండాల్లో యాంజియోమయోలైపోమా అనే కొవ్వు గడ్డ కనిపిస్తే అదీ సాక్ష్యమే. అది 4 సెంటీమీటర్లు దాటితే రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి ఎలాగూ చూడాల్సిందే. ముఖం మీద పొక్కులు, చిన్నప్పుడు ఫిట్స్, చర్మంపై తెల్ల మచ్చలు ఉన్నాయేమో డాక్టరుకు చెప్పండి. అవి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు సమస్యకు గుర్తులు, దానితోపాటు లామ్ రావచ్చు. ఇవేవీ తేల్చకపోతేనే బయాప్సీ మాట.

ఇంకో విషయం గుర్తు చేసుకోండి. ఆ నొప్పి నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో వచ్చిందా? గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం వేరే చోట పెరిగే ఎండోమెట్రియోసిస్ వల్ల కూడా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది, అదీ ఎక్కువగా కుడివైపే. దాని వైద్యం వేరు.

లామ్ అని తేలితే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది మళ్లీ గాలి చేరడం. ఈ జబ్బులో అది తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. అందుకే రెండోసారి కోసం ఎదురుచూడకుండా, మొదటిసారే ఊపిరితిత్తి పొరలను అతికించే ప్లూరోడెసిస్ గురించి ఆలోచించమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీకు ట్యూబ్‌తోనే సరిపెట్టారు కాబట్టి ఛాతీ సర్జన్‌తో దీని గురించి తప్పకుండా మాట్లాడండి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో తేలి, డాక్టరు సరేననే వరకు విమానం ఎక్కవద్దు.

మందు లేదనుకుని కుంగిపోకండి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే సిరోలిమస్ ఈ జబ్బులో పనిచేస్తుంది. 89 మంది మహిళలపై చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మందు వాడనివారిలో ఊపిరి వదిలే సామర్థ్యం నెలకు సగటున 12 మిల్లీలీటర్లు తగ్గుతూ పోతే, వాడినవారిలో దాదాపు నిలకడగా ఉంది. మందు ఆపాక మళ్లీ తగ్గడం మొదలైంది. అంటే ఇది జబ్బుకు కళ్లెం వేస్తుంది, మాన్పదు. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం, ఇన్‌ఫెక్షన్ల వంటి ఇబ్బందులు ఉంటాయి. అందరికీ వెంటనే అవసరం ఉండదు. ఊపిరి పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా వదిలే గాలి) ఉండాల్సినదాంట్లో 70 శాతం కంటే తగ్గినా, వేగంగా పడిపోతున్నా మొదలుపెడతారు. ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, లామ్‌లోనూ కొందరికి దానితో ఉపశమనం ఉంటుంది.

పిల్లల సంగతి. లామ్ ఉంటే గర్భం దాల్చకూడదని ఖండితంగా చెప్పను. అయితే గర్భిణిగా ఉన్నప్పుడు మళ్లీ గాలి చేరడం, మూత్రపిండంలోని గడ్డ నుంచి రక్తం కారడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. సిరోలిమస్ మొదలుపెడితే, అది ఆపిన 12 వారాల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం వద్దు. ముందు మీ ఊపిరితిత్తుల సామర్థ్యం ఎంతుందో చూసి, మీ భర్తను కూడా వెంటబెట్టుకుని పల్మనాలజిస్ట్, గైనకాలజిస్ట్‌లతో మాట్లాడాక నిర్ణయించుకోండి.

పల్మనాలజిస్ట్, రేడియాలజిస్ట్, ఛాతీ సర్జన్ కలిసి కేసు చర్చించే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఇలాంటి అరుదైన జబ్బులు చూసిన అనుభవం అక్కడ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీటీ స్కాన్ సీడీ కూడా వెంట తీసుకెళ్లండి. ఈలోగా ఒకవైపు ఛాతీ పట్టేసినట్టయినా, నొప్పి భుజం వెనక్కి పాకినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా తెల్లారే దాకా ఆగవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లగానే ‘నాకు ఇంతకుముందు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది’ అని మొదటి మాటగా చెప్పండి.