ఆ బొచ్చు పురుగు ఏ చెట్టు మీద ఉందమ్మా?

చి. సుధకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఫోటో చూశాను. పురుగు పక్కనే నీ వేలు కూడా కనిపించింది, నాకు టెన్షన్ అక్కడే వచ్చింది. పేరు తర్వాత చూద్దాం, ముందు దాన్ని ముట్టుకోకు.

ఏం పురుగని అడిగావు గానీ ఏ చెట్టు మీద ఉందో రాయలేదు. సగం పేరు చెట్టే చెబుతుంది. మునగ మాను మీద పగలంతా గుంపుగా అతుక్కుని ఉంటే బొంత పురుగు. రాత్రయ్యాక పైకెక్కి ఆకంతా నమిలేస్తుంది. ఆముదం, అరటి, వంగ మీద పొడవాటి బొచ్చుతో నల్లగా కనిపిస్తే చాలావరకు ఆముదం గొంగళి. మా అనంతపురం వేరుశనగ చేలల్లో తొలకరి పడగానే నేలలోంచి రెక్కల పురుగులు లేచేవి. కొన్నాళ్ళకే ఎర్ర గొంగళి పురుగులు దండులా చేను నుంచి చేనుకి నడిచేవి. గట్టు పక్కన కాలవలు తవ్వి ఆపేవాళ్ళం.

మామిడి దగ్గర మాత్రం తొందరపడకు. ఆకుపచ్చగా, ఒంటి పొడుగునా లేత నీలం చారతో, ముళ్ళ కుచ్చులతో, కాళ్ళే లేనట్టు జారుతూ ఉంటే అది తగిలితే నిప్పంటించినట్టు మండుతుంది. అదే చెట్టు మీద ఇంకోటి, ఇరుపక్కలా ఈకల్లాంటి ముళ్ళు పరుచుకుని, వీపు మీది పసుపు గీత ఆకు ఈనెతో కలిసేలా పడుకుంటుంది. అది సీతాకోకచిలుక పిల్ల. దాన్ని వదిలెయ్.

రంగు ఒక్కటే చూసి పేరు పెట్టకు. కుబుసం విడిచినప్పుడల్లా వేషం మారుతుంది. నేనే ఒకసారి ఒకే పురుగుకి రెండు పేర్లు పెట్టి, మీ పెద్దమ్మ ముందు నవ్వులపాలయ్యాను.

ఖాయంగా తెలుసుకోవాలంటే రెక్కలు వచ్చేదాకా పెంచి చూడు. పుల్లతో సీసాలోకి తోసి, అడుగున రెండంగుళాల మట్టి వేసి, మూతికి పలచని గుడ్డ కట్టు. దొరికిన చెట్టు ఆకే రోజూ మార్చు. వేరే ఆకు పెడితే తినకుండా చచ్చిపోవచ్చు. వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లని గూళ్ళు కనిపిస్తే దాన్ని మళ్ళీ మొక్క మీదే వదులు. ఆ గూళ్ళు పురుగుల్ని చంపే చిన్న కందిరీగలవి, మన తరఫున అవే పని చేస్తున్నాయి.

బొచ్చు గుచ్చుకుంటే రుద్దకు. సెల్లోటేపు అంటించి లాగి, సబ్బుతో కడుగు. కంట్లో పడితే మాత్రం డాక్టరు దగ్గరికే.

పిల్ల పురుగులు ఒకే ఆకు మీద గుంపుగా ఉంటే ఆ ఆకు తుంచి సబ్బునీళ్ళలో ముంచు, మందు అక్కర్లేదు. ఇప్పటికే చెదిరిపోతే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం కొట్టు. బాగా ఎదిగినవాటికి అది అంతగా పనిచెయ్యదు. ఏరెయ్యడమే, అదీ చేతికి తొడుగు వేసుకునే.

రేపు చెట్టు పేరు రాసి, ఆకు వెనక్కి తిప్పి ఇంకో ఫోటో తియ్యి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టు, సైజు తెలుస్తుంది. ఈసారి వేలు వద్దు.

మీ పెద్దనాన్న