సముద్రం డేటా కూడా ఉద్యోగమేనండి

విజయనగరం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్, మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. క్యాంపస్ ఆఫర్ వద్దంటోంది. సముద్రం డేటాను అందరికీ పనికొచ్చేలా చక్కబెట్టే పని నేర్చుకుంటుందట. అసలిదొక ఉద్యోగమేనా?"

ఉద్యోగమేనండి. పైగా ఇన్నాళ్లూ సరిగా చేసేవాళ్లు లేక సైన్సు బాగా నష్టపోయిన పని.

వెనకటికి ఓడల మీంచి ఎక్స్‌బీటీ అనే చిన్న పరికరాన్ని నీళ్లలోకి వదిలేవారు. అది మునుగుతూ ఉష్ణోగ్రత కొలుస్తుంది గానీ లోతు కొలవదు, ఎన్ని సెకన్లు మునిగిందో చూసి లోతు లెక్కకట్టుకోవాలి. ఆ లెక్కలో తేడా ఉందని, అందువల్లే 1970లలో సముద్రం ఉన్నదానికన్నా వెచ్చగా కనిపించిందని చాలా ఏళ్ల తర్వాత తేలింది. సరే, సరిదిద్దుదామంటే అది ఏ కంపెనీది, ఏ మోడల్ అన్నది తెలియాలి కదా, చాలా పాత రికార్డుల్లో ఆ ముక్కే రాయలేదు! కొలత పంచుకున్నారు, దాని పుట్టుపూర్వోత్తరాలు పంచుకోలేదు. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం నయం. ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 ఫ్లోట్లు, అంటే నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే తేలే పరికరాలు, తిరుగుతున్నాయి, చాలావరకు 10 రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొచ్చి శాటిలైట్‌కి డేటా పంపుతాయి. మామూలుగా 24 గంటల్లోపే అది ఎవరికైనా ఉచితం. తర్వాత నిపుణులు సెన్సర్ తప్పులు సరిచేస్తారు, కానీ ముడి అంకె చెరిపెయ్యరు, రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. మన దేశపు ఫ్లోట్ల డేటా చూసేది ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ.

చదువుకి మీ పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఓషనోగ్రఫీలో పీజీ చెయ్యొచ్చు. ఈలోగా పైథాన్, స్టాటిస్టిక్స్, నెట్‌సీడీఎఫ్ (ఇలాంటి సైన్సు డేటా దాచే ఫార్మాట్) ఫైళ్లు చదవడం నేర్చుకోమనండి. బంగాళాఖాతంలోని ఒక్క ఫ్లోట్ డేటా దించుకుని, ముడి లవణీయత, సరిచేసిన లవణీయత పక్కపక్కన గ్రాఫ్ గీసి, తనేం చేసిందో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ చూసి ఇంకో ఫ్రెండ్, ఈ అమ్మాయికి ఫోన్ చెయ్యకుండా, అదే గ్రాఫ్ తెప్పించగలగాలి. గ్రాఫ్ గీయడం సరదాగానే ఉంటుంది, ఆ పేజీ రాయడం విసుగు పుట్టిస్తే మాత్రం ఈ లైను ఆమెకు పడదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

టెన్షన్ పడాల్సిన విషయం ఒకటుంది. పర్మనెంట్ పోస్టులు తక్కువ. మొదట్లో ఎక్కువగా దొరికేవి ప్రాజెక్టు కాంట్రాక్టులే, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఇంట్లో ఆమె జీతం మీద ఆధారపడే పరిస్థితి ఉంటే ముందే కూర్చుని మాట్లాడుకోండి. అయితే ఈ నైపుణ్యాలు ఐటీలో డేటా ఇంజినీరింగ్‌కి కూడా పనికొస్తాయి కాబట్టి రోడ్డున పడిపోయే చదువేం కాదు.

క్యాంపస్ ఆఫర్ మాత్రం పీజీ సీటు చేతికొచ్చేదాకా వదులుకోవద్దనండి.