ప్రతి కూటంలోనూ మళ్లీ చెయ్యెత్తాలా?

సిస్టర్, బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయినా, రాత్రి పడుకునేటప్పుడు "ఇప్పుడు చనిపోతే నా గతేంటి" అని టెన్షన్ వస్తోందనీ, ప్రతి ఉజ్జీవ కూటంలో రక్షణ కావాలంటూ మళ్లీ చెయ్యెత్తుతున్నాననీ రాశారు. నేనూ అలాగే లేచి నిలబడేదాన్ని. పక్కన కూర్చున్న అత్తయ్య ఒకసారి చీర కొంగు పట్టి లాగి, "కిందటేడు ఇచ్చిన మాట దేవుడు మర్చిపోయాడనుకున్నావా?" అంది!

మీరు చూస్తున్నది మీ విశ్వాసం ఎంత గట్టిదా అని. అందుకే ఊగుతున్నారు. రక్షించేది క్రీస్తు, మన నమ్మకం సైజు కాదు. మార్కు 9:24లో, దయ్యం పట్టిన కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం అడిగాడు. అయినా యేసు ఆయన కొడుకుని బాగుచేశాడు.

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ సంగతి చూడండి. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, క్రీస్తు తన పాపాలు తీసేశాడన్న నిశ్చయంతో ఆయన హృదయం వెచ్చబడింది. కాసేపటికే, "ఇదే విశ్వాసమైతే ఆనందమేది?" అన్న ఆలోచన పట్టుకుంది. అంతటివాడికే తప్పలేదు.

1 యోహాను 5:13లో, నమ్మినవాళ్లు తమకు నిత్యజీవం ఉందని "తెలిసికొనునట్లు" అని ఉంది, అనిపించునట్లు అని కాదు. ఆ వచనం కాగితంపై రాసి దిండు పక్కన పెట్టుకోండి. భయం వేస్తే కొత్తగా రక్షణ అడగకుండా, ఇచ్చినందుకు స్తోత్రం చెప్పండి. పాపం చేస్తే ఒప్పుకోండి, అంతే. నిద్ర పట్టనంత భయమైతే మాత్రం పాస్టరమ్మగారితో పాటు డాక్టరుకీ చెప్పండి, అది అవిశ్వాసం కాదు.