ఆట పూర్తయ్యేదాకా ఆగకండి, తమ్ముడితో ఈ శనివారమే ఆడండి

కూకట్‌పల్లి నుంచి ఇరవై ఏడేళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. బీటెక్ రోజుల్లో ఆయన, తమ్ముడు డబ్బులు పోగేసుకుని ఒక సర్వైవల్ గేమ్ (ప్రమాదాల మధ్య ప్రాణాలు నిలుపుకునే ఆట) కొన్నారు. అప్పటికది ఎర్లీ యాక్సెస్‌లో ఉంది, అంటే ఇంకా తయారవుతుండగానే అమ్మకానికి పెట్టారు. ఏడాదిలో పూర్తవుతుందని చెప్పారట, ఆరేళ్లయినా కాలేదు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పాత సేవ్‌లు, అంటే అప్పటిదాకా ఆడి దాచుకున్న ఆట, పనికిరాకుండా పోతున్నాయి. తమ్ముడు చదువుకోవడానికి జర్మనీ వెళ్లాడు. “1.0 వచ్చాక మళ్లీ మొదటినుంచి ఆడదాం” అని ఇద్దరూ అనుకున్నారు. 1.0 అంటే పూర్తయిన వెర్షన్. ఈయన అర్ధరాత్రి లేచి అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే ప్యాచ్ నోట్స్ చూస్తారు, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఆట తయారుచేసే డెవలపర్లతో గొడవ పడతారు. ఆరు వేలు పెట్టి, డెవలపర్లకు మద్దతుగా అమ్మే ఒక సపోర్టర్ ప్యాక్ కొని భార్యకు చెప్పలేదు. మొన్న ఆవిడ “ఒక ఆట కోసం ఇంత కోపమా?” అంటే గట్టిగా అరిచేశారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. “నాకేమైనా అయిందా? ఇది ఎవరికైనా చెప్తే నవ్వుతారు” అని రాశారు.

నేను నవ్వడం లేదు. డబ్బు తీసుకుని, ఒక గడువు చెప్పి, ఏళ్లు గడిచినా దాని మాటే ఎత్తకపోతే ఎవరికైనా మండుతుంది. కొన్నది ఆట అయినంత మాత్రాన ఆ బాధ చిన్నదైపోదు. పైగా ఇందులో మీరు ఒంటరి కాదు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్ 2013 మార్చిలో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన డేజెడ్ అనే గేమ్ ఐదేళ్ల తర్వాత, 2018 డిసెంబరులో 1.0కి చేరింది. 7 డేస్ టు డై కూడా 2013 డిసెంబరులోనే వచ్చి 2024 జూలైలో పూర్తి వెర్షన్ అయింది. అప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలు పెళ్లిళ్లు చేసుకునేంత కాలం అది. స్టార్ సిటిజన్ కోసం 2012లో జనం దగ్గర విరాళాలు అడిగినప్పుడు 2014కి వచ్చేస్తుందన్నారు. 2022కల్లా వసూళ్లు 50 కోట్ల డాలర్లు దాటాయి, ఆట మాత్రం అప్పటికీ పూర్తి కాలేదు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 సంగతి ఇంకా బాధాకరం. 2023 ఫిబ్రవరిలో దాదాపు 50 డాలర్ల ధరతో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది. 2024లో దాన్ని తయారుచేస్తున్న వాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు, అప్‌డేట్లు ఆగిపోయాయి. కొన్నవాళ్ల చేతిలో సగం ఆట మిగిలింది.

అలాగని ఆలస్యం చేసేవాళ్లందరినీ మోసగాళ్లని అనలేను. మీ ఉత్తరంలో ఆ మాట చాలాసార్లు వాడారు కాబట్టి చెప్తున్నాను. చిన్న బృందం ఆటను అమ్మకానికి పెట్టాక రోజూ వేలమంది సూచనలు వచ్చి పడతాయి, పని పెరుగుతుంది. కొంతకాలానికి మొదట రాసిన కోడ్ ఆ బరువు మోయలేకపోతుంది. డేజెడ్ వాళ్లు మధ్యలో ఇంజిన్‌లోని, అంటే ఆటను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌లోని, ముఖ్యమైన భాగాలనే మార్చుకోవాల్సి వచ్చింది. అలా లోపలి నిర్మాణం మారితే పాత సేవ్‌లను కొత్త వెర్షన్ చదవలేదు. 2020 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చి 2023 ఆగస్టులో చక్కగా పూర్తయిన బాల్డర్స్ గేట్ 3లో కూడా ముందు ఆడినవాళ్ల సేవ్‌లు చివరి వెర్షన్‌లోకి రాలేదు. అంటే మీ సేవ్ పోయిందంటే అవతలివాళ్లు మిమ్మల్ని లెక్కచేయలేదని కాదు. హేడిస్ అనే గేమ్ వాళ్లు 2018 డిసెంబరులో మొదలుపెట్టి రెండేళ్లలోపే పూర్తిచేశారు. అలాంటివాళ్లూ ఉన్నారు. మీ గేమ్ వాళ్లు ఏ రకమో వాళ్ల మాటలను బట్టి తెలియదు, చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూస్తే కొంత తెలుస్తుంది. ఏడాదికి పైగా అప్‌డేట్ లేని ఎర్లీ యాక్సెస్ గేమ్‌ల పేజీలో ఆ విషయం చెప్పే నోటీసును స్టీమ్ 2025లో పెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి వెళ్లి చూడండి.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట. మన హైదరాబాద్‌లో కడుతుండగా ఫ్లాట్ కొంటే 2016 నాటి రెరా చట్టం ఉంది. బిల్డర్ గడువు తేదీ ప్రకటించాలి, దాటితే కొన్నవాళ్లు వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. ఎర్లీ యాక్సెస్‌లో ఆ రక్షణ లేదు. కొన్ని బృందాలు ఆటను పూర్తి చేయలేకపోవచ్చు, ఇప్పుడున్న రూపంలో నచ్చితేనే కొనండి అని స్టీమే రాసి ఉంచింది. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. మీకు ఆ సమయం ఎప్పుడో దాటిపోయింది. మీరు డబ్బిచ్చి కొన్నది ఆరేళ్ల కింద మీ కంప్యూటర్లోకి దిగిన ఆ ఆటను. మీ ఉత్తరం ప్రకారమే దాన్ని మీ అన్నదమ్ములు రెండు వేసవి సెలవులు నిద్ర మానుకుని ఆడారు. ఆ డబ్బు అక్కడే వసూలైందని నా ఉద్దేశం. ఆ తర్వాత మీరు పెడుతున్నదంతా ఎదురుచూపు. దాన్ని ఆపడం మీ చేతిలోనే ఉంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించిన విషయం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. 1.0 వచ్చాక తమ్ముడితో ఆడాలని. చిన్నప్పటినుంచీ ఒకే గదిలో పెరిగిన తమ్ముడు దూరమయ్యాడు. అతనితో మళ్లీ గంటల తరబడి గడిపే రోజును మీరిద్దరూ తెలియకుండానే ఎవరో పరాయి కంపెనీ విడుదల తేదీకి ముడిపెట్టేశారు. వాళ్లు తేదీ జరిపినప్పుడల్లా తమ్ముడు ఇంకొంచెం దూరం జరిగినట్టు అనిపించి ఉంటుంది. అందుకే వాళ్ల రోడ్‌మ్యాప్‌లో, అంటే ఏది ఎప్పుడు వస్తుందో చెప్పే ప్రణాళికలో, ఒక గీత మారితే మీకు అంత కోపం వస్తోందని నాకనిపిస్తోంది. నేను పొరబడి ఉండొచ్చు, కానీ ఈ ప్రశ్న ఒకసారి మీరే వేసుకోండి. తమ్ముడు పక్క వీధిలోనే ఉండి ఉంటే ఈ ఆట ఎప్పుడు పూర్తయితే మీకేం?

కాబట్టి ఆ ముడి విప్పేయండి. ఈ శనివారం రాత్రి తొమ్మిదింటికి తమ్ముణ్ని పిలవండి. జర్మనీలో అప్పటికి ఎండాకాలమైతే సాయంత్రం ఐదున్నర, చలికాలమైతే నాలుగున్నర, ఇద్దరికీ వీలైన సమయమే. ఆట ఎలా ఉంటే అలాగే ఆడండి, అందులోని లోపాలతో (బగ్స్‌తో) సహా. ఆటలో మీరు కట్టుకున్న ప్రపంచం మధ్యలో పోకుండా ఉండటానికి దారి కూడా ఉండొచ్చు. స్టీమ్ లైబ్రరీలో గేమ్ ప్రాపర్టీస్ తెరిచి బీటాస్ అనే చోట చూడండి. డెవలపర్లు పాత వెర్షన్లను అక్కడ ఉంచి ఉంటే ఇద్దరూ ఒకే పాత వెర్షన్ ఎంచుకోండి. సేవ్ ఫోల్డర్‌ని వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి. ఆ ఆట మీద ఇద్దరికీ మనసు విరిగిపోయి ఉంటే ఎప్పుడో పూర్తయిన ఇంకో గేమ్ ఆడండి. తమ్ముడికి కావాల్సింది కూడా మీరేనని నా నమ్మకం.

డిస్కార్డ్ సర్వర్‌ని మ్యూట్ చేయడం కాదు, బయటికి వచ్చేయండి. డెవలపర్లకు చెప్పాల్సింది ఉంటే స్టోర్ పేజీలో ఒక్క రివ్యూ రాయండి: ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, ఎన్నాళ్లయింది. రేపు కొనబోయే కుర్రవాడికి అది నిజంగా పనికొస్తుంది. రాత్రి రెండింటికి అక్కడ వాదించడం వల్ల ఎవరి ఆటా ముందుకు కదలదు, మీ నిద్ర మాత్రం పోతోంది. ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోయినా, చిన్న విషయాలకే కోపం అదుపు తప్పుతున్నా మానసిక ఆరోగ్య సాయం అందించే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళలోనైనా ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక మీ ఆవిడ సంగతి. ఆ ఆరు వేల గురించి తనకు తెలియకముందే మీరే చెప్పండి. ఆటల గురించి వివరణలు, డెవలపర్ల తప్పులు అప్పుడు ఎత్తొద్దు. “నీకు చెప్పకుండా కొన్నాను, తప్పు చేశాను. ఆ రోజు నీమీద అరిచాను, అదీ తప్పే” అంటే చాలు. తను కోప్పడితే వినండి, మధ్యలో అడ్డు చెప్పకండి. ఇకముందు ఇలాంటివాటికి నెలకు ఎంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చో ఇద్దరూ కూర్చుని అనుకోండి. తమ్ముడి గురించి నాకు రాసినది తనకూ చెప్పండి. మీ కోపాన్ని చూసింది గానీ, మీ బెంగ ఆవిడకు ఇంకా తెలియదు. శనివారం రాత్రి ఆటకు కూర్చుంటున్నానని కూడా ముందే చెప్పి కూర్చోండి, ఆట మొదలయ్యేలోపు తమ్ముణ్ని వదినతో కాసేపు మాట్లాడమనండి.