కేబుల్ పీకి చూశాకే రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నెట్‌వర్క్ స్విచ్‌లో, అంటే కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే పెట్టెలో, అలర్ట్‌లు పెట్టే కమాండ్లన్నీ తప్పుల్లేకుండా రాశావు, కానీ అవన్నీ పెట్టాక ఫోన్‌కు వచ్చే మెసేజ్ ఎలా ఉంటుందో ఒక్కచోట కూడా చూపించలేదు. నువ్వు రాసేది ఎవరికోసం? కర్నూల్లో పడుకున్నవాడికి రాత్రి రెండింటికి ఫోన్ మోగితే, ఆదోనిలో ఏం పాడైందో కళ్ళు నులుముకుంటూ తెలుసుకోవాలి. వాడి కోసం రాయి.

ఆదోనిలో ఒక పత్తి గోదాముకు స్విచ్ పెట్టింది నేనే. మే నెలలో ఒక రాత్రి "ఇంటర్‌ఫేస్ 10124 డౌన్" అని మెసేజ్ వచ్చింది. నా చేత్తో పెట్టిన స్విచ్చే, అయినా ఆ నంబరు ఏ వైరుదో ఎంతకీ తట్టలేదు. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళి చూస్తే కాటా గదికి పోయే వైరును ఎలుక కొరికేసింది. స్విచ్‌లో ఆ వైరు గుచ్చిన పోర్టుకు పేరు రాసుకునే డిస్క్రిప్షన్‌లో "కాటా గది" అని రాసి, ఆ పేరు మెసేజ్‌లో కనపడేలా అలర్ట్‌లు అందుకునే సర్వర్‌లో పెట్టుకుని ఉంటే, వాచ్‌మన్‌కు ఫోన్ చేసి పక్కనున్న స్పేర్ వైరు గుచ్చమంటే సరిపోయేది. నీ వ్యాసంలో డిస్క్రిప్షన్ గురించి ఒక్క ముక్క లేదు. నా లెక్కన అది మొదటి పేరాలోనే ఉండాలి.

ట్రాప్, అంటే ఏదైనా పాడైతే స్విచ్ తనంతట తానే పంపే ఎస్‌ఎన్‌ఎమ్‌పీ మెసేజ్, సర్వర్‌కు యూడీపీ 162 నంబరు మీద వస్తుందని రాశావు, బాగుంది. అది చేరిందో లేదో పంపిన స్విచ్‌కు తెలియదని కూడా చెప్పు. వేరుశనగ చేలో మంచె మీద కాపలావాడు అడవిపందులు వస్తే కేక వేస్తాడు, కానీ కేక వినపడలేదంటే పందులు రాలేదనే కాదు, వాడు నిద్రపోయి కూడా ఉండొచ్చు కదా! అందుకే సర్వరే కొన్ని నిమిషాలకోసారి 161 మీద స్విచ్‌ను పలకరించాలి. బయటికి వెళ్ళే లింకే తెగిపోతే ట్రాప్ ఏ దారిన వస్తుంది? ట్రాప్ బదులు ఇన్‌ఫార్మ్ పెడితే స్విచ్ సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా కొన్నిసార్లు మళ్ళీ పంపుతుంది, కానీ దారే లేనప్పుడు అదీ పనిచేయదు.

సిస్‌లాగ్‌లో, అంటే స్విచ్ పంపే లాగ్ మెసేజ్‌లలో, లెవెల్ 7 పెట్టమన్నావు, అది తీసేయ్. 7 అంటే డీబగ్, ప్రతి చిన్న వివరమూ వచ్చి ఫోన్ నిండిపోతుంది. నంబరు తగ్గేకొద్దీ తీవ్రం, కాబట్టి ఫోన్‌కు 0 నుంచి 4 దాకా చాలు, మిగతావి సర్వర్‌లో పడి ఉంటాయి. లింక్ పోయిందని చెప్పే లింక్‌డౌన్ ట్రాప్ కూడా అన్ని పోర్టులకూ వద్దు. సాయంత్రం ఆఫీసు వదిలేటప్పుడు ఒక్కో కంప్యూటర్ ఆపితే ఒక్కో మెసేజ్ వస్తుంది, వారం తిరక్కుండానే చూసేవాడు ఫోన్ మ్యూట్ చేసేస్తాడు, ఆ తర్వాత నిజంగా కొంప మునిగినా వాడికి తెలియదు. అప్‌లింక్ (బయటికి వెళ్ళే లింకు), సర్వర్, కెమెరా పోర్టులకు ఉంటే చాలు.

ఇంకోటి, ఎస్‌ఎన్‌ఎమ్‌పీలో పాస్‌వర్డ్‌లా వాడే కమ్యూనిటీ పేరు "పబ్లిక్" అని వదిలేశావు. చదివినవాళ్ళు దాన్నలాగే కాపీ కొడతారు. వెర్షన్ 2సీలో ఆ మాట దారిలో ఎవరికైనా కనపడుతుంది, కాబట్టి ఉదాహరణను వెర్షన్ 3లో, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్‌తో రాయి.

ఇప్పుడు నీ టేబుల్ మీదున్న స్విచ్‌కు ఎన్‌టీపీతో, అంటే నెట్‌వర్క్ మీదుగా గడియారం కలిపే పద్ధతితో, టైమ్ సరిచేసి, అప్‌లింక్ కేబుల్ పీకు. ఏ మెసేజ్ వచ్చిందో, ఎంతసేపటికి వచ్చిందో, అసలు వచ్చిందో లేదో కాగితం మీద రాసుకో. తర్వాత కరెంటు తీసి చూడు. వ్యాసం మార్చి పంపేటప్పుడు ఆ కాగితం ఫోటో కూడా పంపు, ముందు అదే చదువుతాను.

మీ అన్న