రీజ్ ట్రాన్స్‌ఫార్మ్ హద్దులో డైమెన్షన్ ఎలా మాయమవుతుంది?

కాల్డెరాన్–జిగ్మండ్ పద్ధతిలో (ప్రమేయంలోని చెడ్డ భాగాలను ఘనాలుగా విడగొట్టి హద్దు తేల్చే పద్ధతి) స్థిరాంకం డైమెన్షన్ ఎన్‌తో పాటు పెరిగిపోతుంటే, రీజ్ ట్రాన్స్‌ఫార్మ్‌ల ఎల్‌పీ హద్దు డైమెన్షన్ మీద ఆధారపడదని ఎలా అంటారని అడిగారు. రీజ్ ట్రాన్స్‌ఫార్మ్‌లంటే ఒక డైమెన్షన్‌లోని హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్‌కు ఎన్ డైమెన్షన్లలో ఉండే రూపాలు, ఒక్కో నిరూపకానికి ఒకటి. ప్రమేయం పరిమాణాన్ని దాని పరమమూల్యపు పీ-వ ఘాతం సమాకలనంతో కొలిస్తే, ట్రాన్స్‌ఫార్మ్ దాన్ని ఎన్ని రెట్లకు మించి పెంచదో చెప్పేదే ఎల్‌పీ హద్దు. అలాంటి వాటిలో అతి చిన్నది నార్మ్.

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను. ఘనం భుజాన్ని రెట్టింపు చేస్తే ఘనపరిమాణం 2కి ఎన్‌వ ఘాతం రెట్లవుతుంది. ఆ గుణకాన్ని తగ్గించాలని నెలల తరబడి కుస్తీ పట్టాను, తగ్గలేదు. చివరికి ఒక సీనియర్ "పీ = 2 దగ్గర ఏమవుతుందో చూశావా?" అని అడిగారు. అక్కడ ఫూరియే వైపు, అంటే ప్రమేయాన్ని తరంగాలుగా విడగొట్టి చూస్తే, గుణకాల వర్గాల మొత్తం సరిగ్గా 1. ఎన్ ఎంతైనా నార్మ్ మారదు. అంటే ఆ పెరుగుదలంతా నేను ఎంచుకున్న రుజువు తెచ్చిపెట్టిందే.

అప్పుడు భ్రమణాల పద్ధతి పట్టుకున్నాను. కెర్నెల్ (సమాకలనంలో మన ప్రమేయాన్ని గుణించే భాగం) బేసి ప్రమేయం కాబట్టి, ఒక్కో దిశలో హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ తీసుకుని, ఆ దిశ జే-వ నిరూపకంతో గుణించి, గోళం మీద సమాకలనం చేస్తే జే-వ రీజ్ ట్రాన్స్‌ఫార్మ్ వస్తుంది. ఇక తేలాల్సింది గోళం మీద ఆ నిరూపకం పరమమూల్యపు సమాకలనమే. అది గోళం నీడకు రెట్టింపు, అంటే ఎన్–1 డైమెన్షన్ల యూనిట్ బంతి ఘనపరిమాణానికి రెండు రెట్లు. దాన్ని ముందున్న స్థిరాంకంతో గుణిస్తే గామా ప్రమేయాలు, π ఘాతాలు అన్నీ కొట్టేసుకుని సరిగ్గా 1 మిగులుతుంది! దయచేసి ఈ లెక్క ఒకసారి చేత్తో వేయండి. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. అంటే ఒక్కో రీజ్ ట్రాన్స్‌ఫార్మ్ నార్మ్, 1972లో పికోరిడీస్ కనుక్కున్న హిల్బర్ట్ నార్మ్‌ను దాటదు.

అసలు కష్టం అన్నిటినీ కలిపి వెక్టర్‌గా చూసినప్పుడు. ఒక్కోదాని హద్దును విడివిడిగా కూడితే, పీ 2 కన్నా తక్కువ కానప్పుడు కూడా √ఎన్ వచ్చిపడుతుంది. ఇది పోతుందని స్టైన్ 1983లో చూపించారు. 1985లో డ్యువాండికోఎచియా, రూబియో డి ఫ్రాన్సియా భ్రమణాలతోనే సులువైన రుజువు ఇచ్చారు. కిటుకు హోల్డర్ అసమానతను (లబ్ధం సమాకలనాన్ని రెండు విడి సమాకలనాలతో హద్దులో పెట్టేది) ఎక్కడ వాడతామన్న దాంట్లో ఉంది. విడదీయకుండా, దిశల మీదే వాడాలి. ముందున్న స్థిరాంకం, గోళం వైశాల్యం కలిస్తే సుమారు √ఎన్‌గా పెరుగుతాయి. యాదృచ్ఛిక దిశకు ఒక నిరూపకం సుమారు 1/√ఎన్ సైజులోనే ఉంటుంది. రెండూ రద్దవుతాయి.

వీక్ (1,1) హద్దు (పీ = 1 దగ్గర మామూలు హద్దు లేదు కాబట్టి దాని బదులు వాడే బలహీనమైన హద్దు) కోసమైతే ఈ దారిలో వెళ్లకండి. వీక్ ఎల్1లో త్రిభుజ అసమానత లేదు కాబట్టి దిశల మీద సగటు తీసే మెట్టు దగ్గరే రుజువు ఆగిపోతుంది.